లోయర్ పడ్లింగ్‌హామ్ మీద శత్రు విమానం

యుద్ధకాలంలో బ్రిటిషు వైమానిక దళం నా పేరును నిషేధించింది. నేను చేసిన నేరమేమీ లేదు. పెళ్లి చేసుకున్నాను, అంతే.

నా పేరు దాలయ్య. మా బొర్రవానిదిబ్బకు తూర్పున, సముద్రం ఒడ్డున, దాలయ్యపాలెం అనే జాలరి ఊరు ఉంది. ఆ దాలయ్య ఎవరో నాకు తెలియదు. చుట్టం మాత్రం కాడు. జరిగిన గందరగోళమంతా మా ఇద్దరి పేరూ ఒకటి కావడం వల్ల జరిగిందని దొరలు రాసుకున్నారు. కాదు. దొరల వల్ల జరిగింది.

జపాను విమానాలు ఒకసారి తీరం మీద బాంబులు వేసి పోయాక, మా ఊరి జీడితోట నరికి వైమానిక స్థావరం కట్టారు. అందులో ఒక పెద్ద గది. గది మధ్య పెళ్లిపందిరంత బల్ల. బల్ల మీద తీరం పటం. ఆ పటం మీద ఊళ్ల పేర్లు రాయడానికి నన్ను పెయింటరుగా పెట్టుకున్నారు. నేను మా ఊరి బడిలో ఐదో తరగతి చదివాను. ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు అక్షరాలు గియ్యడం వచ్చు. సర్కారు కొలువుకు అంతకు మించి అక్కర్లేదు.

బల్ల దగ్గర పని ఆడవాళ్లది. లండను మీద బాంబులు పడ్డప్పుడు అక్కడి వైమానిక దళంలో ఈ పని ఆడపిల్లలే చేశారట. ఇక్కడా అలాగే జరగాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఖాకీ చీర, ఖాకీ రవిక, కాళ్లకు బూట్లు ఇచ్చి మా వైపు ఆడవాళ్లను తీసుకున్నారు. ఒడ్డు పొడుగునా ఉన్న ఊళ్లలో కాపలా జాలర్లు విమానం కనబడగానే టెలిఫోను చేస్తారు. చెవులకు గొట్టాలు తగిలించుకున్న ఆడమనిషి ఆ ఊరి పేరు పైకి చెప్తుంది. ఇంకొకామె పొడుగాటి కర్రతో బొమ్మ విమానాన్ని ఆ ఊరి మీదికి తోస్తుంది. అరుగు మీద కూర్చున్న దొర, పేరు చెవిన పడగానే పట్నంలోకి ఫోను చేసి సైరను వేయిస్తాడు. పేరు పైకి చెప్పకపోతే సైరను లేదు. సైరను లేకపోతే ఒడ్డున చేపల బజారులో జనం బుట్టల ముందు కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే చస్తారు. చిన్నపిల్లలకైనా అర్థమయ్యే సంగతి. అందుకే దొరలకు కష్టమైంది.

మా ఆవిడ సన్యాసమ్మ మిషను బడిలో ఎనిమిది దాకా చదివింది. దాలయ్యపాలెం లైను ఆమెకిచ్చారు. సముద్రం మీంచి వచ్చే విమానం ముందుగా కనబడేది ఆ ఊరికే. కాబట్టి గదిలో అన్నిటికంటే ముఖ్యమైన కుర్చీ ఆమెది. ఇంట్లో మా అమ్మ ఎదుట పీట మీద కూడా కూర్చోకుండా బతికిన మనిషి. ఆ కుర్చీ మీద ప్రాణం పెట్టుకుంది.

"దొరా కూకున్నాడు, నానూ కూకున్నాను. రెండు కుర్సీలూ ఒకటే ఎత్తు. కొలిసి మరీ సూసినాను" అని వీధంతా చెప్పుకుంది.

పని నేర్పింది మిస్ థార్న్ అనే దొరసాని. లండనులో పైకప్పు పెచ్చులూడి నెత్తిన పడుతున్నా బల్ల దగ్గర నుంచి లేవని మనిషట. ఆమె నేర్పిన సూత్రం ఒక్కటే: విన్నది చెప్పు, నీది కలపకు.

సన్యాసమ్మ మొదటిరోజే కలిపింది.

ఆ రోజు రిహార్సలు. మన విమానమే ఒకటి సముద్రం మీదికి పోయి వెనక్కి వచ్చింది. నేను నిచ్చెన ఎక్కి గోడ మీద ఏదో రాస్తున్నాను. దాలయ్యపాలెం కాపలా జాలరి గున్నయ్య ఫోను చేశాడు. మా ఆవిడ తలెత్తి నిచ్చెన మీదున్న నన్ను చూసి, గొంతు సవరించుకుని, గట్టిగా అంది:

"మా ఆయన పాలెం మీద ఒక ఇమానం!"

కర్ర పట్టుకున్న గ్రేసమ్మకు నవ్వు ఆగలేదు. బొమ్మ విమానం ఒరిస్సాలోకి పోయింది.

అరుగు మీద ఉన్నవాడు స్థావరానికి పెద్ద, వింగ్ కమాండర్ క్రాబ్‌ట్రీ దొర. ఏమిటి ఈ నవ్వు అని తన హెడ్ గుమాస్తా తాతాచార్యుల్ని అడిగాడు. నిజం చెబితే పోయేది. ఆచార్యులుగారికి చిన్న నిజాలు నచ్చవు.

"ప్రభూ! హైందవ పతివ్రతలు ప్రాణాంతకమైనను భర్తృనామమును ఉచ్చరింపరు. ఈమె భర్త నామము దాలయ్య. అదిగో, నిచ్చెనపై వ్రేలాడుచున్నాడు."

దొర టోపీ తీశాడు. ఓడలో వస్తూ మన ఆచారాల మీద లావుపాటి పుస్తకం ఒకటి చదివాడట. దిగిన దగ్గర్నుంచి గౌరవించడానికి ఒక ఆచారం దొరక్క మనిషి కుమిలిపోతున్నాడు. ఇప్పుడు దొరికింది.

సన్యాసమ్మ కంగారుపడి లేచింది. "అయ్యో బావూ, ఎకసెక్కానికన్నాను. ఇంట్లో పేరెట్టి పిలవను గానీ ఇది కొలువు కదా. దాలయ్యపాలెం! ఇదిగో, సెప్పీసినాను. నోరు పడిపోనాదేటి?"

దొర రెండు చెవులూ మూసుకున్నాడు.

"చూశారా ఆచారీ! మన యుద్ధం కోసం తన ధర్మాన్నే బలి ఇస్తోంది. ఈ పాపం సామ్రాజ్యం మొయ్యలేదు. వెంటనే ఆపించండి."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. ఆచార్యులు అందరినీ నిలబెట్టి రాగం తీసి చదివాడు. "ఈ స్థావరమున కొలువు చేయు ఏ స్త్రీయు తన భర్త నామమును గాని, తన్నామము గల గ్రామము పేరును గాని పలుకరాదు. పలికినచో తన ఆచారమును తానే ఉల్లంఘించిన నేరమునకు శిక్షింపబడును."

"మా ఆచారం మేం తప్పితే మీకేటి నొప్పి?" అంది సన్యాసమ్మ. ఆచార్యులు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, ఆమె కృతజ్ఞతతో కంటతడి పెట్టిందని చెప్పాడు.

గ్రేసమ్మ ముందుకొచ్చింది. "నేను కిరస్తానీ పిల్లనండి. పెళ్లి కూడా కాలేదు. సన్యాసమ్మ నన్ను గిల్లితే ఆ ఊరి పేరు నేను చెప్తాను."

దొర ఆలోచించాడు. "రేపు ఈ పిల్ల దాలయ్య అనేవాణ్ణే పెళ్లాడితే?"

గ్రేసమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "అంత కరువేటీ రాలేదండీ."

"భవిష్యత్తు ఎవరికి తెలుసు?" అన్నాడు దొర. మర్నాడు ఇంకో ఉత్తర్వు. పెళ్లికాని ఆడపిల్ల ఎప్పుడు ఏ పేరువాణ్ణి పెళ్లాడుతుందో ప్రభుత్వానికి ముందుగా తెలిసే వీలు లేదు. కాబట్టి పెళ్లికాని పిల్లలు ఏ మగపేరూ పలకరాదు.

మా తీరంలో ఊళ్లన్నిటికీ మగపేర్లే. మగవాళ్లు ఊళ్లు కట్టలేదు. పేర్లు మాత్రం పెట్టుకున్నారు.

మిస్ థార్న్ దొర దగ్గరికి వెళ్లి బల్ల గుద్దింది. "ఊళ్లకు నంబర్లు ఇవ్వండి. ఒకటి, రెండు, మూడు. ఏ ఆచారమూ చెడదు."

"స్థావరంలో నంబర్లు ఇదివరకే మరుగుదొడ్లకు కేటాయించబడ్డాయి" అన్నాడు దొర. "ఏడో నంబరు మీద శత్రువు అని వినబడితే నా సైనికుల మనోధైర్యం ఏమవుతుంది?"

"ఆ పిల్ల చెప్తానంటోంది. చెప్పనివ్వండి."

"మిస్ థార్న్, మీ ఆచారాలు మీవి. వాళ్లవి నావి."

మరునాటి నుంచి ఆమెను గిడ్డంగిలో దుప్పట్లు లెక్కపెట్టే పనికి మార్చారు. మా వైపు ఎండల్లో దుప్పటి ముట్టుకునేవాడు లేడు. లెక్క తప్పదని ఆమెను అక్కడ వేశారు.

తర్వాత దొరకు నేను గుర్తొచ్చాను. భర్త తన పేరు తాను పలకడానికి ఏ శాస్త్రమూ అడ్డు కాదు కదా. నన్ను "భర్తృనామోచ్చారకుడు"గా నియమించారు. చిక్కొకటి వచ్చింది. ఆడవాళ్ల గదిలోకి దొర, గుమాస్తా తప్ప వేరే మగవాడు రాకూడదు. నిచ్చెన మీద ఉన్నంతసేపు నేను పెయింటరును. నిచ్చెన దిగితే మగవాణ్ణి. అందుకని నన్ను కిటికీ బయట ఎండలో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టారు. నా కాలి బొటనవేలికి కొబ్బరితాడు కట్టి, రెండో కొస కిటికీలోంచి సన్యాసమ్మ చేతికిచ్చారు. దాలయ్యపాలెం నుంచి కబురు రాగానే ఆమె తాడు లాగాలి. నేను "దాలయ్యపాలెం!" అని అరవాలి. దొర సైరను వేయించాలి.

రిహార్సలు బ్రహ్మాండంగా జరిగింది. నా బొటనవేలు వాచింది. దొర పై అధికారులకు రాశాడు: ఆచారము, విజ్ఞానము ఈ స్థావరంలో ఒకే తాటిపై నడుచుచున్నవి.

ముడి విప్పడం నాకు రాలేదు. ఇంటికి కూడా తాడుతోనే వెళ్లేవాణ్ణి. మా ఆవిడకు అది బాగా కుదిరింది. వంటింట్లోంచి లాగేది.

"ఏటి?"

"నీల్లు తోడు."

ఆ తాటి ఏర్పాటు ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక పొద్దున్న ఆచార్యులు చంకలో కాగితాలతో గదివైపు పరుగున వస్తూ తాడుకు తగులుకుని బోర్లా పడ్డాడు. బొటనవేలు ఊడిపోయినంత పనైంది. నేను ఉద్యోగ ధర్మం తప్పే మనిషిని కాను. అంత నొప్పిలోనూ "దాలయ్యపాలెం!" అని అరిచాను. సైరను మోగింది. చేపల బజారు బజారంతా కందకాల్లోకి దూకింది. వంజరం చేపలన్నీ కాకులు తిన్నాయి. ఆ పూట అరుగు మీద ఉన్నది వేరే దొర. క్రాబ్‌ట్రీ దొర స్వయంగా సగం గడ్డం గీసుకున్న మొహంతో గోతిలో గంటసేపు కూర్చున్నాడు.

విచారణలో తేలిందేమిటంటే, తాడులో లోపం ఉంది. అది భార్య లాగితే ఒకలాగా, గుమాస్తా తన్నితే ఇంకొకలాగా పనిచెయ్యదు.

"మూలానికే వెళ్దాం" అన్నాడు దొర. "ఊళ్లకు మగపేర్లు ఉండడమే తప్పు. ఆడపేర్లు పెట్టండి."

నేను మళ్లీ పెయింటరునై, నిచ్చెన మీంచి బల్ల మీదికి వంగి పేర్లు చెరిపి, ఆడపేర్లు రాశాను. దాలయ్యపాలెం పోలమ్మపాలెం అయింది. రంగు ఆరకముందే ఆచార్యులు చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"ప్రభూ, మరియొక సూక్ష్మము. కోడలు అత్తగారి నామమును కూడ పలుకదు. ఈ ప్రాంతమున ప్రతి మూడవ అత్తగారును పోలమ్మయే."

మా అమ్మా పోలమ్మే. దొర సన్యాసమ్మవైపు తిరిగి, ఇంత బాధ ఎలా భరిస్తున్నావు తల్లీ అన్నట్టు చూశాడు.

"మా అత్త పేరా? పొద్దున్న లేసింది మొదలు అదే తలుసుకుంటాను బావూ, పల్లు నూరుకుంటూ" అంది సన్యాసమ్మ. ఆచార్యులు దాన్ని ఇంగ్లీషులోకి మార్చలేదు.

అప్పుడు దొర కళ్లు మూసుకుని, చిన్నప్పుడు తను తిరిగిన ఊళ్లు ఒక్కొక్కటీ గుర్తు చేసుకున్నాడు. ఆ పేరుగల మొగుడు గాని, అత్తగాని ఈ దేశంలో ఉండే అవకాశం లేదని ఆచార్యులు ధ్రువపరిచాడు. నేను మళ్లీ చెరిపి, మళ్లీ రాశాను. మా తీరమంతా ఇంగ్లండు అయిపోయింది. దాలయ్యపాలేనికి లోయర్ పడ్లింగ్‌హామ్ అని పేరు వచ్చింది. దొరగారి మేనత్త అక్కడ బాతులు పెంచేదట. పాతపేర్లు ఆడవాళ్ల నోట రావడమే కాదు, వాళ్ల చెవిన కూడా పడకూడదని, ఏ హోదాలో ఉన్న మగవాడైనా ఆడవాళ్లు వినేలా వాటిని పలకరాదని ఉత్తర్వు చివర కలిపారు. ఉచ్చారకుడి కొలువు రద్దయింది. నా బొటనవేలికి స్వరాజ్యం వచ్చింది. నాకు మాత్రం పేరు పోయింది. హాజరు పిలుపులో నన్ను "ఆ పెయింటరు" అనేవారు.

సన్యాసమ్మ గున్నయ్యకు ఫోనులో కొత్తపేరు నేర్పింది. వాడి గొంతు పెద్దది. ఫోనులోంచి నిచ్చెన దాకా వినబడేది.

"అదెక్కడున్నాది తల్లీ?"

"నివ్వు నిలబడ్డ కాడే."

"మరి నానెప్పుడొచ్చీసినాను అక్కడికి?"

"నివ్వు రాలేదు మావా. అదే వచ్చింది నీ కాడికి."

"పోనీలే. సేపలు మాత్రం పాతయ్యే."

ఒకటి మాత్రం ఎవరూ ఆలోచించలేదు. పేర్లు మారింది మా బల్ల మీద. పట్నంలో మునిసిపాలిటీ సైరను గుమాస్తాకు ఎవరూ చెప్పలేదు. చెబితే రహస్యం బయటపడుతుందట.

విమానాలు నిజంగా వచ్చిన రోజు మంచి ఎండ. పడవలు అప్పుడే ఒడ్డెక్కాయి. చేపల బజారు కిటకిటలాడుతోంది. మా అమ్మ కూడా బుట్ట పట్టుకుని అక్కడికే పోయింది. నేను నిచ్చెన మీద ఉన్నాను. అరుగు మీద క్రాబ్‌ట్రీ దొర స్వయంగా కూర్చున్నాడు.

ఫోనులో గున్నయ్య కేక. "అమ్మా! ఎర్రబొట్టు ఇమానాలు! రెండు! మన ఊరి మీంచి మీ ఏపే!"

సన్యాసమ్మ ఉత్తర్వు తప్పలేదు. నిటారుగా కూర్చుని చెప్పింది: "లోయర్ పడ్లింగ్‌హామ్ మీద రెండు శత్రు విమానాలు. పడమరకు."

గ్రేసమ్మ కర్ర సరిగ్గా తోసింది. దొర మొహం వెలిగింది. ఫోను ఎత్తి పట్నానికి చెప్పాడు. అవతలి గుమాస్తా జవాబు గదంతా వినబడింది.

"ఆ ఊరు మా దగ్గర లేదండీ. ఇంగ్లండు సంగతేదో పొరపాటున మన లైనులోకి వచ్చినట్టుంది. వాళ్లకే చెప్పండి, పాపం."

"మూర్ఖుడా, అది మన తీరమే! పూర్వం దాన్ని..." అని దొర ఆగిపోయాడు. గది నిండా ఆడవాళ్లు. ఉత్తర్వు మీద సంతకం తనదే.

"పూర్వం దాన్ని ఏమంటారండీ?"

"ఆడవాళ్లున్నారు. చెప్పలేను."

"మరీ అంత పచ్చి పేరాండీ?"

దొర క్రమశిక్షణ గల మనిషి. ఫోను పట్టుకుని గది బయటికి పోయి చెబుదామని లేచాడు. నాలుగడుగులు వేశాడు. తీగ అయిపోయింది. గుమ్మానికి చెయ్యి చాచి, ఫోనును లాగుతూ, ఒంటికాలి మీద నిలబడ్డాడు. బల్ల మీద బొమ్మ విమానాలు చేపల బజారుకు జానెడు దూరంలోకి వచ్చేశాయి. దొర ఆడవాళ్లకేసి తిరిగి, "దయచేసి అందరూ చెవులు మూసుకోండి" అన్నాడు. ఆచార్యులు దాన్ని గ్రాంథికంలోకి మార్చడం మొదలుపెట్టాడు.

సన్యాసమ్మ చెవిగొట్టాలు పీకి పారేసింది. బూట్లు టకటకలాడించుకుంటూ అరుగెక్కి, దొర చేతిలోంచి ఫోను లాక్కుంది.

"దాలయ్యపాలెం! ఒరే, ఇనబడతందా? దాలయ్యపాలెం! దాలయ్య! మా ఆయన పేరే! దాలయ్యా, దాలయ్యా, దాలయ్యా! ఇంక సైరను ఎయ్యరా, నీ సేతులు పడిపోనూ!"

సైరను మోగింది.

బజారు ఖాళీ అయింది. మొదటి బాంబు ఎండుచేపల రాశి మీద పడింది. రెండోది వట్టి ఇసకలో. మూడోది మా స్థావరంలో ఏడో నంబరు మీద. అప్పుడు అందులో ఎవరూ లేరు. మా అమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చి, కోడలు ఇంకా వంట చెయ్యలేదేమని అడిగింది.

మర్నాడు విచారణ. ముగ్గురు దొరలు కూర్చున్నారు. క్రాబ్‌ట్రీ దొర అభియోగం చదివాడు. "హెచ్చరిక సరైనదే. సకాలంలోనే ఇవ్వబడింది. దాని వల్ల పట్నం దక్కిన మాట వాస్తవమే. అయితే ఉచ్చారణ నిషిద్ధమైనది. ఒకసారి కాదు. అనేకసార్లు. అందులో కొన్ని అనవసరమైనవి."

"అనవసరమైనయ్యి ఎయ్యి బావూ?" అని అడిగింది సన్యాసమ్మ.

"చివరి మూడూ."

"ఆ మూడా? అయ్యి నాకోసరం అన్నాను."

భార్య నోట పేరు విని గాయపడ్డ భర్తగా నన్ను పిలిపించారు. మనసు ఎంత నొచ్చుకుందో చెప్పమన్నారు.

"బాగుందండి" అన్నాను.

దొరలు గుసగుసలాడుకున్నారు. భర్తకు మతి చలించింది అని రాసుకున్నారు.

గిడ్డంగి నుంచి మిస్ థార్న్ పిలవకుండానే వచ్చి, లండనులో అయితే ఈమెకు పతకం ఇచ్చేవారని చెప్పింది. ఇది లండను కాదని వాళ్లు ఆమెకు గుర్తు చేశారు. తీరం పటం మాత్రం ఇంకా లండను పక్క ఊళ్లతోనే నిండి ఉంది. అది నేను చెప్పలేదు. మతి చలించినవాడి మాట ఎవరు వింటారు?

సన్యాసమ్మను కొలువులోంచి తీసేశారు. ఖాకీ చీర మీద మిస్ థార్న్ శాలువా కప్పినట్టు ఒక దుప్పటి కప్పింది. లెక్కలో అది తగ్గింది. బూట్లు అక్కడికక్కడే విప్పించారు. ఆమె విప్పి, జతగా పెట్టి, తన కుర్చీ దగ్గరికి వెళ్లి ఒకసారి దాని మీద కూర్చుంది. ఎవరూ లేవమనలేదు. తనే లేచింది.

విమానాల దారి మీద ఎండకు తారు కాలుతోంది. ఆమె ఉత్త కాళ్లతో ముందు నడిచింది. నేను రంగు డబ్బాలతో వెనక. సగం దారిలో ఆగి, వెనక్కి తిరిగి, స్థావరమంతా వినేలా కేకేసింది.

"దాలయ్యా! బేగి నడు, కాల్లు కాల్తన్నాయి!"

గది కిటికీలో దొర చెవులు మూసుకోవడం నేను చూశాను.

ఆచారాలను కాపాడినందుకు ఆయనకు పతకం వచ్చింది. నేను ఆయన్ని క్షమించలేదు. ఆయన అడగనూ లేదు.

సన్యాసమ్మ ఆ రోజు నుంచి బతికినన్నాళ్లూ నన్ను పేరు పెట్టే పిలిచింది. మా అమ్మ ముక్కున వేలేసుకుంది. వీధి నవ్వింది. దాలయ్యా నీళ్లు, దాలయ్యా కట్టెలు, దాలయ్యా ఎక్కడ సచ్చినావు. సర్కారు వద్దన్నది కాబట్టి మానలేదనుకునేవాణ్ణి. తర్వాత ఇంకేదో కూడా అనుకునేవాణ్ణి. అది ఆమెను అడగలేదు. ఒక వానాకాలం జ్వరం తగిలి పోయింది.

ఇప్పుడు కొడుకులు అయ్యా అంటారు. కోడళ్లు ఎలాగూ పేరు పలకరు. బజారులో పెయింటరు తాత అంటారు. నాకు పని లేదు. సాయంత్రం పూట బస్టాండులో బెంచీ మీద కూర్చుంటాను. తూర్పు బస్సు బయల్దేరే ముందు కండక్టరు తలుపు మీద అరచేత్తో కొట్టి అరుస్తాడు.

"దాలయ్యపాలెం! దాలయ్యపాలెం! బేగి రావాలి!"

ప్రతిసారీ లేచి నిలబడతాను. బస్సు వెళ్లిపోయాక కూర్చుంటాను.